కొలిచే పని బయటికి ఇవ్వకండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఓ మాదిరి కంపెనీ నడిపేవాళ్ల దగ్గర పరిశోధన మాటెత్తితే రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. "గుట్టు బయటపడితే పక్క షెడ్డువాడు మరుసటి సీజనుకే దించేస్తాడు, అన్నీ మనమే చేసుకుందాం" అనేది మొదటిది. "ఇవన్నీ మనకెక్కడ తెలుస్తాయి, కాలేజీతో ఎంవోయూ చేసుకుంటే వాళ్లే చూసుకుంటారు" అనేది రెండోది. మొదటి దారి పట్టిన కంపెనీ ఏళ్లు గడిచినా పాత డ్రాయింగు దాటి రాదు. రెండో దారి పట్టిన కంపెనీకి బ్యానరు ముందు దిగిన ఫోటో, స్పైరల్ బైండింగు చేసిన రిపోర్టు మిగులుతాయి, మిషను మాత్రం అలాగే ఉంటుంది.

సొంతంగా ఎంత, కలిసి ఎంత అని శాతాల్లో లెక్కేసుకోవడం దండగని నా వాదన. ఏ పని సొంతం, ఏ పని ఉమ్మడి అన్నది తేల్చుకోవాలి. మూడు పనులు ఎన్నటికీ బయటికి ఇవ్వకూడదు. ప్రశ్న రాయడం, వచ్చిన ఫలితాన్ని కొలవడం, దాన్ని అమ్మే సరుకులో చివరగా కూర్చడం. ఈ మూడూ గట్టిగా మన చేతిలో ఉంటే మిగతాదాన్ని ఇప్పుడు పంచుకుంటున్నదానికంటే చాలా ధారాళంగా పంచుకోవచ్చు. ఈ మూడింటిలోనూ కొలత ముఖ్యం. కొలవలేని కంపెనీ మంచి ప్రశ్న రాయలేదు, వచ్చిన జవాబు మంచిదో కాదో చెప్పనూ లేదు.

శనక్కాయ విత్తే యంత్రం దగ్గర చూద్దాం

అనంతపురంలో ట్రాక్టరుకు తగిలించే శనక్కాయ గొర్రు తయారుచేసే కంపెనీని తీసుకుందాం. పెట్టెలో గింజలుంటాయి. ఏటవాలుగా తిరిగే ప్లేటు అంచున గుంతలుంటాయి. ఒక్కో గుంత ఒక్కో గింజను ఎత్తుకొచ్చి గొట్టంలో వేస్తుంది. చూడ్డానికి ఇంతే.

లెక్క ఇలా ఉంటుంది. ఖరీఫ్‌లో వర్షాధారపు వేరుశనగకు సాలుకూ సాలుకూ నడుమ 30 సెంటీమీటర్లు, గింజకూ గింజకూ 10 సెంటీమీటర్లు ఉండాలి. అంటే ఎకరాకు దాదాపు 1,35,000 మొక్కలు. నేల మీద దొర్లుతూ ప్లేటును తిప్పే చక్రం వ్యాసం 40 సెంటీమీటర్లయితే ఒక చుట్టులో అది సుమారు 126 సెంటీమీటర్లు నడుస్తుంది, ఆ నడకలో 12 లేదా 13 గింజలు పడాలి. ప్లేటుకు 18 గుంతలుంటే, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ప్లేటు 0.7 చుట్టు తిరగాలి. చక్రం ఇరుసు మీద 14 పళ్ల స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), ప్లేటు ఇరుసు మీద 20 పళ్ల స్ప్రాకెట్ వేస్తే కాగితం మీద లెక్క కుదిరిపోయింది.

పొలంలో కుదరదు. వాన పడిన రెండో రోజో మూడో రోజో, పైన ఆరి కింద పదునున్న ఎర్రనేలలో చక్రం 8 శాతం జారిందనుకోండి. అవే స్ప్రాకెట్లతో గింజల నడుమ దూరం 10.8 సెంటీమీటర్లయిపోతుంది, ఎకరాకు పదివేల పైచిలుకు మొక్కలు తగ్గుతాయి. గుంత బిగుతుగా ఉంటే పెద్ద గింజ అందులో కూర్చోదు, సాల్లో ఖాళీ వస్తుంది. వదులుగా ఉంటే రెండు గింజలు ఎక్కుతాయి. అదనపు గింజను నెట్టేసే బ్రష్షు గట్టిదైతే పొర లేచిపోతుంది, బద్దలు విడిపోతాయి. గింజకు మందు పట్టించి సరిగా ఆరబెట్టకపోతే జిగురుకి గుంతలోనే అతుక్కుని గొట్టం దాకా రాదు. ఇన్ని కారణాలున్నా రైతు నోట వచ్చే మాట ఒక్కటే: "సామీ, సాళ్లు పలచగా మొలిచినాయి." ఆ ఒక్క మాట వెనక నాలుగు లోపాల్లో ఏది ఉందో తేల్చేది కొలత.

ఆ కొలతకు కోట్లు అక్కర్లేదు. ఆరేడు మీటర్ల బెల్టు, దాన్ని గంటకు 4 కిలోమీటర్ల లెక్కన, అంటే సెకనుకు 1.1 మీటరు వేగంతో లాగే మోటారు, వేగం మార్చే డ్రైవు, బెల్టు మీద మందంగా పూసిన గ్రీజు. ప్లేటు పెట్టెను బెల్టుకు కాస్త పైన నిలబెట్టి నడిపితే గింజలు పడినచోటే అతుక్కుంటాయి. వరసగా వంద ఖాళీలు టేపుతో కొలవాలి. 5 సెంటీమీటర్ల లోపున్నవి జంట గింజలు, 15 దాటినవి తప్పిన గింజలు. వందలో ఏది ఎన్నో రాసుకోవాలి. తర్వాత ప్లేటు మార్చి, బ్రష్షు మార్చి, వేగం మార్చి మళ్లీ చూడాలి. ఒకేసారి రెండు మార్చకూడదు, మారిస్తే ఏ మార్పుకు ఫలితం వచ్చిందో తెలియదు.

గింజ దెబ్బతినడం వేరే కొలత. ఒకే మూటలోంచి తీసిన విత్తనంలో సగం యంత్రంలోంచి పంపాలి, సగం పంపకుండా పక్కన పెట్టాలి. రెండింట్లోనూ నాలుగు వందల గింజలు చొప్పున, వంద వంద చేసి ఇసుక ట్రేలలో నాటి పదో రోజున మొలకలు లెక్కపెట్టాలి. వేరుశనగ విత్తనానికి సర్టిఫికేషన్ ప్రకారం కనీస మొలక 70 శాతం. యంత్రంలోంచి వచ్చినవి 66 శాతమే మొలిస్తే తప్పు యంత్రానిదని అప్పుడే అనకూడదు. పంపని గింజలు 68 శాతమే మొలిస్తే మూటే బాగాలేదన్నమాట. ఈ రెండో లెక్క లేకుండా యంత్రాన్ని తిట్టడం గానీ మెచ్చడం గానీ అర్థం లేని పని. చాలా రిపోర్టుల్లో లేనిది సరిగ్గా ఇదే.

ఇక ఇదే యంత్రంలో కంపెనీ సొంతంగా చేయకూడని పనులు చూడండి. ఏ రకం గింజ ఎంత పొడవు, ఎంత లావు, ఏ నేలలో పండితే ఎంత తేడా వస్తుంది అన్న సంగతి కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కదిరి 6, కదిరి లేపాక్షి లాంటి రకాలు పుట్టిందే అక్కడ. ఆ గింజల వివరాలను కంపెనీ కష్టపడి మళ్లీ కనిపెట్టడం కాలహరణం. పొలంలో ప్రయోగాలు పద్ధతిగా వేయడం, నేలను బట్టి తేడాలు విడదీసి చూపడం రేకులకుంట పరిశోధన కేంద్రం లాంటి చోటివాళ్ల విద్య. గింజ పడిందో లేదో పట్టే సెన్సరు, దాని సర్క్యూటు జేఎన్‌టీయూ అనంతపురంలోనో కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎంలోనో చేయించుకోవచ్చు. యంత్రానికి అధికారిక పరీక్షా నివేదిక కావాలంటే గార్లదిన్నెలో 1983 నుంచీ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దేశంలో ఇలాంటి కేంద్ర సంస్థలు నాలుగంటే నాలుగు. అందులో ఒకటి మన పెరట్లో పెట్టుకుని, అక్కడికి యంత్రం తీసుకెళ్లే ముందు షెడ్డులో ఒక్కసారైనా గ్రీజు బెల్టు మీద చూసుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ నివేదిక ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఎందుకలా ఉందో కనుక్కోవాల్సింది తయారీదారు.

కొలత కూడా బయటికి ఇచ్చేస్తే ఏమవుతుందో చెప్తాను. ల్యాబులో జల్లెడ పట్టిన గింజలు వాడతారు, ఎందుకంటే ప్రయోగానికి అవే వీలు. మందు పట్టించని గింజలు వాడతారు, ఎందుకంటే ప్లేటు శుభ్రంగా ఉండాలి. బెల్టు నిదానంగా తిప్పుతారు. వందకు తొంభై ఐదు గింజలు సరిగ్గా పడ్డాయని రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ రైతు పెట్టెలో పోసేది జల్లెడ పట్టని, మందు కలిపిన విత్తనం. అదును పోతుందన్న తొందరలో ట్రాక్టరు డ్రైవరు గేరు పెంచుతాడు. ఏ గింజతో, ఏ వేగంతో, ఎంత జారుడుతో పరీక్షించాలో కంపెనీ ముందే రాసివ్వకపోవడమే ఇక్కడ జరిగిన తప్పు. ప్రశ్న రాయడం మన పని అన్నది ఇందుకే.

తెలిసినవాడికే అరువు తెలివి పనికొస్తుంది

1990లో కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు ఆర్థిక పరిశోధకులు ఒక సంగతి తేల్చిచెప్పారు. కంపెనీ సొంత పరిశోధన మీద పెట్టే ఖర్చు కొత్త వస్తువును పుట్టించడంతో ఆగదు, బయట పుట్టిన జ్ఞానాన్ని గుర్తుపట్టి, అరిగించుకుని, వాడుకునే శక్తిని కూడా ఇస్తుంది. సొంత ఆర్ అండ్ డీ తగ్గించి ఆ డబ్బుతో బయట కొనుక్కుందాం అనుకునే యజమానులు ఈ రెండో లాభాన్ని లెక్కలో వేసుకోరు. లోపల ఇద్దరు తెలిసినవాళ్లు లేకపోతే బయట ఇరవైమంది చేసిన పని గుమ్మం దాటి లోపలికి రాదు.

కడప జిల్లాలో దీనికి పెద్ద ఉదాహరణ తుమ్మలపల్లె యురేనియం గని. అక్కడి ఖనిజం డోలమైటు సున్నపురాయిలో ఉంది. మామూలుగా యురేనియం తీసేది ఆమ్లంతో. ఆ రాయి మీద ఆమ్లం పోస్తే యురేనియం కంటే ముందు సున్నమే ఆమ్లాన్నంతా తాగేస్తుంది, గిట్టుబాటు కాదు. అందుకని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు కలిపిన క్షార ద్రావణంతో, ఆక్సిజన్ ఇస్తూ, ఆటోక్లేవులనే మూత బిగించిన పాత్రల్లో వేడి, ఒత్తిడి పెంచి కరిగించే పద్ధతిని భాభా అణు పరిశోధన కేంద్రం తయారుచేసింది. గని, మిల్లు నడిపేది యురేనియం కార్పొరేషన్. మూలశాస్త్రం ఒకరిది, రోజూ టన్నుల కొద్దీ రాయి మీద దాన్ని నడిపించే బాధ్యత ఇంకొకరిది. నడిపేవాళ్లకు ఖనిజం స్వభావం కొలిచే శక్తి లేకపోతే ఇలాంటి పంపకం ఒక్క నెల కూడా నిలబడదు, ఎందుకంటే గనిలో రాయి రోజూ ఒకేలా ఉండదు. ఇంకో మాట కూడా చెప్పాలి. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల పల్లెల రైతులు తమ నీటి గురించి ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. పరిశోధన ప్రశ్న రాసేటప్పుడే వ్యర్థం ఎక్కడికి పోతుంది, ఊరి బోరుబావుల్లో నీటిని ఎవరు, ఎన్నాళ్లకోసారి కొలుస్తారు అన్నవి కూడా రాయాలి. తర్వాత అతికించే విషయాలు కావవి.

నంద్యాల విత్తన కంపెనీలు నేర్పేది

1906 నాటి నుంచీ పత్తి మీద పనిచేస్తున్న పరిశోధన కేంద్రం నంద్యాలలో ఉంది. నరసింహ పత్తి అక్కడిదే. ఆ చుట్టూ విత్తన వ్యాపారం పెరిగింది. ఈ రంగంలో సొంతం, ఉమ్మడి అనే గీత ఎక్కడ గీయాలో చూపించే నమూనా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థలో ఉంది. 2000లో వాళ్లు జొన్న, సజ్జ సంకరాల తల్లిదండ్రుల వంగడాల కోసం ప్రైవేటు విత్తన కంపెనీలతో ఒక కన్సార్షియం, అంటే ఉమ్మడి సంఘం, మొదలుపెట్టారు. కంపెనీలు ఏటా రుసుము కడతాయి, మూల వంగడాలు అందరికీ అందుబాటులో ఉంటాయి, ఎవరికీ గుత్త హక్కు లేదు. వాటిని తమ వంగడాలతో కలిపి ఎవరు చేసుకున్న సంకరం వాళ్లది. పోటీ మొదలయ్యే చోటికి ఒక మెట్టు ముందు వరకూ ఉమ్మడి, అక్కడి నుంచి ఎవరి దారి వాళ్లది. ఈ గీత ఇంత స్పష్టంగా గీసుకున్నారు కాబట్టే ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలు ఒకే గొడుగు కింద కూర్చోగలిగాయి.

పత్తిలో జరిగింది దీనికి ఎదురు పాఠం. 2002లో పురుగును తట్టుకునే జన్యువున్న బీటీ పత్తికి అనుమతి వచ్చాక జన్యువు ఒకరి చేతిలో ఉండిపోయింది, మిగతా కంపెనీలన్నీ లైసెన్సు రుసుము కట్టి తెచ్చుకున్నాయి. 450 గ్రాముల ప్యాకెట్టు పదహారు వందలు దాటితే, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడాక 750 రూపాయలకు దిగింది. కొన్న జన్యువును సొంత వంగడంలోకి ఎక్కించాలంటే ఆరు తరాలపాటు ఆ వంగడంతోనే మళ్లీ మళ్లీ సంకరం చేస్తూ పోవాలి, అప్పటికి గానీ పాత వంగడం గుణాలు తొంభై తొమ్మిది శాతం తిరిగి రావు. ఆ ఓపిక, ఆ వంగడాలు సొంతంగా ఉన్న కంపెనీల పరిస్థితి వేరు, లేనివాటిది వేరు. గులాబీ రంగు పురుగు తర్వాత వచ్చిన రెండు జన్యువుల బీటీకి కూడా అలవాటు పడిపోయాక జన్యువు విలువ పలచబడింది. వేరు వ్యవస్థ, కాయ సైజు, బెట్టను ఓర్చుకునే గుణం ఉన్న సొంత మూల వంగడాల విలువ అలాగే ఉంది. బయటి నుంచి ఎంత గొప్ప సాంకేతికత తెచ్చుకున్నా, దాన్ని నాటుకోవడానికి సొంత మడి ఉండాలి.

ఏది దాచాలి, ఏది దాచనక్కర్లేదు

గుట్టు గురించిన భయం అర్థం చేసుకోదగ్గదే, కాని అది తప్పు చోట పడుతోంది. చూసి పట్టేయగలిగినది గుట్టుగా ఉండదు. శనక్కాయ తవ్వే బ్లేడు ఆకారాన్ని ఎవరైనా ఫోను తీసి ఫోటో తీసుకుంటారు. ఆ బ్లేడును ఎంత వేడికి కాల్చారో, నూనెలో ముంచారో నీళ్లలో ముంచారో, తర్వాత మళ్లీ ఎంత వేడిచేసి చల్లార్చారో ఫోటోలో కనబడదు. కాబట్టి ఆకారం మీద యూనివర్సిటీతో నిశ్చింతగా పనిచేయండి, కావాలంటే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. వేడి చికిత్స సొంతంగా, ఇద్దరు ముగ్గురికి మించి తెలియకుండా ఉంచుకోండి. విత్తే యంత్రంలో కూడా ప్లేటు గుట్టు కాదు. ఏ రకం గింజకు, ఏ సైజుకు, ఏ ప్లేటు, ఏ బ్రష్షు, ఏ స్ప్రాకెట్ అన్న పట్టిక గుట్టు. సీజన్ల తరబడి బెల్టు మీద కొలిస్తేనే అది పుడుతుంది, పక్క షెడ్డువాడు ఒక్క యంత్రం కొని విప్పితే దొరికేది కాదు.

మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. ఉద్యోగితో, భాగస్వామితో రాసుకున్న ఒప్పందమే దిక్కు. పేటెంటు చట్టం వ్యవసాయ పద్ధతికి, మొక్కలకు, విత్తనాలకు పేటెంటు ఇవ్వదు, యంత్రానికి ఇస్తుంది. విత్తన కంపెనీలకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద నమోదే దారి.

ఉమ్మడిగా చేసినదానికి ఉమ్మడి పేటెంటు అనేది వినడానికి న్యాయంగా ఉంటుంది. సంతకం పెట్టే ముందు పేటెంటు చట్టం 50వ సెక్షన్ చదవండి. వేరే ఒప్పందం లేకపోతే సహ యజమానులకు సమాన వాటా వస్తుంది. ఎవరికి వారు ఆ ఆవిష్కరణను వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పక్కర్లేదు. కాని మూడోవాడికి లైసెన్సు ఇవ్వాలన్నా, వాటా అమ్మాలన్నా రెండోవారి ఒప్పుదల ఉండాలి. కాలేజీకి ఫ్యాక్టరీ లేదు కాబట్టి తానే వాడుకోలేదు, కంపెనీ ఒప్పుకోకపోతే ఎవరికీ ఇవ్వలేదు. ఇది కాలేజీకి అన్యాయం, అందుకే తెలిసిన ప్రొఫెసర్లు ఒప్పుకోరు, చర్చ నెలలు సాగుతుంది. నా మట్టుకు మెరుగైన దారి ఒకటుంది. పేటెంటు ఒకరి పేరనే ఉండాలి. కాలేజీ పేరన ఉంటే, కంపెనీకి తన పంటకు, తన యంత్రానికి మాత్రమే గుత్త లైసెన్సు, అదీ ఇన్నేళ్లకని రాసుకోవాలి. వేరుశనగకు మీరు, ఆముదానికో కందికో ఇంకెవరైనా. రెండేళ్లలో మార్కెట్లోకి తేకపోతే గుత్త హక్కు పోవాలి. ఈ షరతు కంపెనీకి కూడా మంచిదే, పని ముందుకు నెడుతుంది.

తేదీలు ఇంకా ముఖ్యం. విద్యార్థి థీసిస్ శోధ్‌గంగలోకి (థీసిస్‌లు అందరికీ కనబడే వెబ్‌సైటు) ఎక్కినా, సదస్సులో పేపరు చదివినా ఆ విషయం లోకానికి తెలిసిపోయినట్టే, తర్వాత పేటెంటు అడిగితే కొత్తదనం లేదంటారు. కొన్ని మినహాయింపులున్నాయి గానీ వాటిని నమ్ముకోకూడదు. ప్రచురణకు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయాలి, పూర్తి వివరాలకు 12 నెలల గడువుంటుంది. ఆన్‌లైన్లో చిన్న పరిశ్రమకు, విద్యాసంస్థకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8,000. ఈ డబ్బు ఎవరికీ బరువు కాదు. బరువయ్యేది ప్రచురణను ఆపుతామనడం. విద్యార్థి డిగ్రీ ఆగిపోతే ఆ సంబంధం అక్కడితో తెగిపోతుంది. ప్రచురించే ముందు 45 రోజులు మాకు చూపించండి, ఆలోపు దరఖాస్తు వేసుకుంటాం, ఆ తర్వాత మీ ఇష్టం అని రాసుకుంటే ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది.

క్యాలెండరు గొడవ

ఒప్పందాలన్నీ బాగున్నా పని చెడేది క్యాలెండరు దగ్గర. ఎంటెక్ ప్రాజెక్టు వేసవికి ముగుస్తుంది. ఖరీఫ్ విత్తు జూన్ చివర నుంచి జూలైలో పడుతుంది. అంటే యంత్రం పొలంలో దిగే వేళకు దాన్ని చేసిన పిల్లవాడు ఉద్యోగం వెతుక్కుంటూ బెంగళూరులో ఉంటాడు. వాన పడ్డాక పదును రెండు మూడు రోజులకు మించి ఉండదు, ఆ రోజుల్లో వర్క్‌షాపు నుంచి ఒక్క స్ప్రాకెట్ రాకపోతే ఏడాది పోయినట్టే.

దీనికి ఒక సర్దుబాటు ఉంది. నీటి వసతి ఉన్నచోట రబీ వేరుశనగ నవంబరు, డిసెంబరుల్లో వేస్తారు. మొదటి పొలం పరీక్ష అప్పుడు పెట్టుకోవాలి. అక్కడ సాళ్ల నడుమ దూరం 22.5 సెంటీమీటర్లు కాబట్టి ఫ్రేము మీద సాళ్లను జరుపుకునే వీలు మొదటి డ్రాయింగులోనే ఉండాలి. జనవరి నుంచి మార్పులు, మే నాటికి రెండో నమూనా, జూన్‌లో కంపెనీ మనుషుల చేతులమీదుగా ఖరీఫ్ పరీక్ష. ఆ లెక్కన ఒప్పందం ఆగస్టుకే సంతకం కావాలి. మార్చిలో బడ్జెట్టు మిగిలిందని హడావుడిగా సంతకం చేసే ఒప్పందాలు ఎందుకు పండవో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

డబ్బు కూడా రిపోర్టును చూసి కాదు, కొలతను చూసి ఇవ్వాలి. నేనైతే మొదట పావు వంతు ఇస్తాను. నమూనా మన షెడ్డులో, మన బెల్టు మీద, మన గింజలతో అనుకున్న అంకె తెచ్చాక ఇంకో పావు. పొలం పరీక్ష అయ్యాక ముప్పై శాతం. మిగిలిన ఇరవై, డ్రాయింగులు మార్చుకోదగ్గ ఫైళ్లుగా, కొలతల పట్టికలు మొత్తంగా అప్పజెప్పి, మన మనిషి తానొక్కడే యంత్రాన్ని విప్పి బిగించి అంకె మళ్లీ తెప్పించాక. పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని ఊరుకున్నవాళ్లు తర్వాత ఒక బోల్టు రంధ్రం జరపాలన్నా మొత్తం గీయించుకోవాల్సి వస్తుంది.

మన మనిషి అన్నాను కదా, అసలు పెట్టుబడి అక్కడే. ఒక డిప్లొమా ఇంజనీరుకు ప్రొడక్షన్ బాధ్యత ఏదీ లేకుండా ఈ పనే అప్పగించాలి. వారంలో రెండు రోజులు కాలేజీ ల్యాబులో, మిగతా రోజులు బెల్టు దగ్గర. విద్యార్థి కూడా కనీసం ఆరు వారాలు షెడ్డులో ఉండాలి. కాలేజీ లేతు మీద ఒక్క ప్లేటు ఎంత నున్నగానైనా చేయొచ్చు. షెడ్డులో వందల ప్లేట్లు కోసేటప్పుడు గుంత ఎంత తేడా వస్తుందో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది. సీజన్లో ఆర్డర్లు ఒత్తిడి చేసినప్పుడు ఆ ఇంజనీరును డెలివరీ పనికి లాగేస్తే ఉమ్మడి పరిశోధన ఆ రోజుతో ముగిసినట్టే.

పన్ను రాయితీ కోసం సొంత ఆర్ అండ్ డీ విభాగం పెట్టడం గురించి రెండు మాటలు. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) గుర్తింపుకు విడి స్థలం, విడి మనుషులు, విడి లెక్కలు చూపాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 35(2ఏబీ) కింద ఖర్చుకు రెట్టింపు మినహాయింపు 2017 మార్చి దాకా ఉండేది, 2020 మార్చి దాకా ఒకటిన్నర రెట్లు, ఆపైన ఖర్చుపెట్టినంతే. 22 శాతం పన్ను విధానానికి మారిన కంపెనీకి ఈ సెక్షన్ వర్తించదు. రాయితీని నమ్ముకుని పెట్టిన ల్యాబులు రాయితీ తగ్గగానే స్టోర్ రూములయ్యాయి. విడి లెక్కలు రాసే అలవాటు మాత్రం మంచిది, రాయితీ లేకపోయినా రాయండి.

ఒక్కరి వల్ల కాని పని

కొన్ని సమస్యల్లో సొంత పరిశోధనకు అసలు చోటే లేదు. బేతంచెర్ల, తాడిపత్రి బండల పాలిషు యూనిట్ల నుంచి వచ్చే స్లర్రీ అలాంటిది. ప్రతి యూనిట్టుకూ అదే బురద, అదే తలనొప్పి. దీన్ని దాచుకుని గెలిచేవాడు లేడు. బట్టల మిల్లులు అహ్మదాబాదులో 1947లో అటిరా, కోయంబత్తూరులో 1956లో సిట్రా అనే పరిశోధన సంస్థలను ఉమ్మడిగా నిలబెట్టుకున్నది ఇలాంటి పనులకే. మిల్లులు ఒకదానితో ఒకటి పోటీపడుతూనే నూలు పరీక్షకు ఒకే చోట చేరాయి.

స్లర్రీకి ఇప్పుడు ఒక దారి కనబడుతోంది. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 సిమెంటు స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయం, మన ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐఐటీలు కలిసి పెంచిన పరిజ్ఞానం. అదే ఒక మంచి ఉమ్మడి పరిశోధన. దానికి ఐఎస్ 18189 అనే భారతీయ ప్రమాణం 2023లో వచ్చింది. మామూలు మోతాదు క్లింకర్ (సిమెంటుకు మూలమైన కాల్చిన గడ్డ) 50, కాల్చిన మట్టి 30, సున్నపురాయి 15, జిప్సం 5 శాతం. మట్టిలో కయోలినైట్ అనే ఖనిజం 40 శాతం ఉంటే చాలు, 700 నుంచి 850 డిగ్రీల దగ్గర కాలిస్తే సరిపోతుంది. ఇందులో కలిపే సున్నపురాయి క్లింకర్‌కు వాడేంత మేలురకం కానక్కర్లేదు, కాబట్టి ఆ చోట సున్నపు బండల స్లర్రీ వాడే వీలుంది. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలు బండల యూనిట్లకు లారీ దూరంలోనే ఉన్నాయి.

చెడగొట్టేవి కూడా ఉన్నాయి. తాడిపత్రిలో గ్రానైట్, నల్లబండ (ఇది సున్నపురాయి) రెండూ కోస్తారు. రెండింటి బురద ఒకే గుంతలో పోస్తే సున్నంలో గ్రానైట్ సిలికా కలిసిపోయి ఆ గుంత మొత్తం సున్నపురాయి బదులు వాడడానికి పనికిరాదు. స్లర్రీ ఎండితే గడ్డకడుతుంది, మళ్లీ విసరాలి, తడిగా పంపితే నీళ్లకు లారీ కిరాయి కట్టినట్టే. పాలిషు రాళ్ల పొడి, మైనం ఎంత మిగిలిందో చూడాలి. కాబట్టి యూనిట్ల సంఘం ముందు చేయాల్సింది ఐఐటీకి ఉత్తరం రాయడం కాదు. గ్రానైట్‌కు, సున్నపు బండకు వేర్వేరు గుంతలు తవ్వించడం, నీళ్లు వడకట్టే ఫిల్టరు ప్రెస్సు నలుగురికి ఒకటి పెట్టుకోవడం. వారానికోసారి ప్రతి గుంత నుంచి మూడు చోట్ల, మూడు లోతుల్లో తీసి కలిపిన రెండు కిలోల నమూనాకు తేమ, మెత్తదనం, కాల్షియం కార్బొనేటు, మెగ్నీషియం ఆక్సైడు, సిలికా కొలిపించి ఒకే రిజిస్టరులో రాయించడం. తేమను ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టి ఎవరైనా చూడొచ్చు. మెత్తదనానికి 90 మైక్రాన్ల జల్లెడ చాలు. మిగతా మూడింటికి నమూనా ల్యాబుకు పోవాలి, మొదట్లో ప్రతిసారీ అదే నమూనాను రెండు ల్యాబులకు పంపి అంకెలు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఏడాది పాటు నడిచిన ఆ రిజిస్టరు పట్టుకుని వెళ్తే సిమెంటు ఫ్యాక్టరీ క్వాలిటీ మేనేజరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చేతిలో ఉంటుంది: ఈ సరుకు నెల నెలా ఇలాగే వస్తుందా?